తెనాలిలో బండ

సీతాఫల్‌మండి, సికింద్రాబాదు
5 జులై 1948

చిరంజీవి హుస్సేన్‌కు నీ ఆపా దువాలు.

ముందు కవరు దులుపు. చిన్న విసనకర్రలాంటిది రాలిందా? అదే మయూరశిఖ. మా బడి వెనక బండ సందుల్లోంచి వేళ్ళతో సహా పీకి ఎండబెట్టాను. చచ్చినట్టు ముడుచుకుపోయి ఉంటుంది, నమ్మకు. పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో వేసి చూడు, విచ్చుకుంటుంది. అమ్మకు కూడా చూపించు. ఆకు లేని ఉత్తరం ఉత్తరమే కాదని చిన్నప్పుడు మనం ఒట్టు పెట్టుకున్నాం. నేనింకా తప్పలేదు, నువ్వే ఈ మధ్య ఖాళీ కవర్లు పంపిస్తున్నావు.

మన పుస్తకంలో నాచు మొక్కల అధ్యాయం దీనితో పంపుతున్నాను. పూలు పూసేవి నీవి, పూయనివి నావి అని పంచుకున్నాం కాబట్టి నా వాటాలో ఇంకా ఫెర్నులు మిగిలాయి. పొద్దంతా ఆడపిల్లలకు ఉర్దూలో నబాతాత్, అదే మన వృక్షశాస్త్రం, చెప్పి, ఇంటికొచ్చి అదే పాఠం తెలుగులో రాస్తున్నాను. ఒక్కోసారి సిద్ధబీజం అనబోయి ఉర్దూలో బజ్రా అని రాసేస్తున్నాను, చూసి దిద్దు. అట్ట మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వేయించు. మీ బావ బతికి ఉంటే బజారంతా తిప్పి చూపించేవారు.

నిన్న బళ్ళో ఆయా రోసమ్మ కొబ్బరిపీచు పట్టుకుని బావి గోడ మీది నాచంతా గీకి పారేసింది. నేను లబలబలాడితే, "ఏందమ్మా గట్ల ఒర్రుతవ్? పాకురు మీద పోరిలు జారి పడ్తే ఎవలకు తక్లీఫ్?" అని నన్నే దబాయించింది. పాకురు వేరు, ఇది వేరు అని చెప్పబోయాను. "గడ్డికి సుత పేర్లుంటయా!" అని నవ్వుతూ పోయింది.

కిరసనాయిలు దొరకడం లేదు. ఉప్పు కూడా వెతుక్కోవాల్సి వస్తోంది. సాయంత్రమైతే వీధిలో రజాకార్ల కవాతు. పిల్లను, హనీఫాను, బయటికి పంపడం లేదు.

అమ్మకు నా సలాములు.
నీ ఆపా,
నజ్మున్నీసా


తెనాలి
28 జులై 1948

ఆపాకు తమ్ముడు హుస్సేన్ సలాములు.

నీ మయూరశిఖ నిజంగానే విచ్చుకుంది. అమ్మ "సుభానల్లా" అని ఆ పళ్ళెం ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. అయితే నువ్వు పోయినేడు తెచ్చిచ్చిన కుండీలోని ఫెర్ను గురించి ఒక మాట చెప్పాలి, కోప్పడవద్దు. ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు వరసగా వచ్చాయి. నేను బళ్ళో ఉండగా నీ మరదలు అవి పురుగు గుడ్లనుకుని కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచింది. మొక్క మాడిపోయింది. పాపం, శ్రద్ధగా చేసింది.

నాచు అధ్యాయం చదివాను. బాగుంది. కానీ పువ్వు లేని మొక్కకు ముప్పై పేజీలా ఆపా? పిల్లలకు మందారం, గుమ్మడి, మామిడి కావాలి. ప్రెస్సు ఆయన కూడా అదే అంటున్నాడు. నాలుగు పేజీల్లో తేల్చేద్దాం. పుల్ల మీద ఉండే ఆ చెంబులాంటి దాన్ని కాయ అనేస్తే సరిపోతుంది, పిల్లలకు సులువు.

ఇక్కడి సంగతులు బాగా లేవు. నైజాం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు రోజూ బెజవాడలో దిగుతున్నారు. వాళ్ళు చెప్పేవి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అవి విన్నవాళ్ళు తిరిగి నా వైపు చూస్తున్నారు. "మీవాళ్ళు అక్కడ ఎవరైనా ఉన్నారా మేష్టారూ?" అని అడుగుతున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని వాళ్ళను అడగలేను కదా. నువ్వు హనీఫాను తీసుకుని ఇక్కడికి వచ్చెయ్యి. పడమటి గది ఖాళీగానే ఉంది.

నీ తమ్ముడు,
హుస్సేన్


సికింద్రాబాదు
24 ఆగస్టు 1948

హుస్సేన్‌కు దువాలు.

పండగ గడిచింది. సేమ్యా దొరకలేదు, గోధుమపిండితో హల్వా చేశాను.

నీ పెళ్ళానికి శ్రద్ధ ఎక్కువైతే నీ పుస్తకాలు తుడవమను, నా ఫెర్నును కాదు. అవి పురుగు గుడ్లు కావురా, ఆ మొక్క వంశం అంతా ఆ చుక్కల్లోనే ఉంది. వృక్షశాస్త్రం మేష్టారి ఇంట్లో ఫెర్నుకు కిరసనాయిలా! ఇక్కడ దీపానికి చుక్క లేదు, అక్కడ మొక్కలకు పట్టిస్తున్నారు.

కాయ అని రాశావో, ఊరుకోను. కాయ కావాలంటే ముందు పువ్వుండాలి. అది నాచుకు పుట్టిన బిడ్డ. తల్లి నెత్తి మీదే నిలబడి, తల్లి తిండే తిని, సిద్ధబీజాలు రాల్చి ఎండిపోతుంది. నాచుకు వేళ్ళు లేవు, పట్టుకోవడానికి నూలుపోగుల్లాంటివి ఉన్నాయి, అంతే. ఒంట్లో నీళ్ళు మోసే గొట్టాలు లేవు. అందుకే పాపం నేలబారుగా ఉండిపోయింది. ఫెర్నుకు గొట్టాలున్నాయి కాబట్టి తలెత్తింది. అయినా దానికీ బిడ్డ పుట్టాలంటే ఒక నీటి చుక్క కావాలి. సిద్ధబీజం పడిన చోట ముందు గోరంత ఆకుపచ్చ బిళ్ళ మొలుస్తుంది, గుండె ఆకారంలో. మగకణం ఆ బిళ్ళ అడుగున తడిలో ఈదుకుంటూ పోయి ఆడకణాన్ని కలుసుకుంటేనే కొత్త ఫెర్ను. ఇదంతా నాలుగు పేజీల్లో ఎలా తేలుస్తావు?

పువ్వు పూసిందా లేదా అని చూసి ఎక్కువ తక్కువలు కట్టకు. ఒంట్లో గొట్టాలున్నాయా అని చూడు. ఆ లెక్కన మయూరశిఖ నీ మామిడిచెట్టు వర్గంలోకే వస్తుంది. పైకి కనిపించేదాన్ని బట్టి వర్గం కట్టకూడదనే కదా మనం పిల్లలకు చెప్పాల్సింది.

ఫెర్నుల అధ్యాయం ఇలా మొదలుపెట్టాను, విను: "సికింద్రాబాదులో మా బడి వెనక బండ సందుల్లో మయూరశిఖ పెరుగుతుంది. పిల్లలూ, వానాకాలంలో మీరూ వెళ్ళి చూడండి." పిల్లలు చదివి ఊరుకోకూడదు, లేచి వెళ్ళి చూడాలి. బొమ్మ నేనే గీశాను.

ఒక్కోసారి అన్నీ మూటగట్టుకుని ఎండాకాలానికి తెనాలి వచ్చేద్దామా అనిపిస్తుంది. మళ్ళీ పొద్దున్నే పిల్లలు "టీచర్, ఇది ఏం ఆకు?" అని చేతులు చాస్తారు.

కవర్లో ఉన్నది నల్లకాడ ఫెర్ను. చుక్కలు తుడవకు.
ఆపా


తెనాలి
25 సెప్టెంబరు 1948

ఆపా,

క్షేమమేనా? హనీఫా క్షేమమేనా? అక్కడికి ఇండియా సైన్యం వచ్చి వారం దాటింది, నీ నుంచి చిన్న కార్డు కూడా లేదు. అమ్మ నమాజు చేసుకునే జానమాజు మీద నుంచి లేవడం లేదు. ఇక్కడ ఊరంతా బాణాసంచా కాల్చారు. నేనూ మిఠాయి పంచాను. పంచకపోతే ఏమనుకుంటారో అని భయం.

నీ ఆగస్టు ఉత్తరం ఎవరో విప్పి మళ్ళీ అంటించారు. మర్నాడు మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు ఇంటికొచ్చి, ఉత్తరంలో ఆకు ఎందుకు పెట్టారు, ఇది దేనికి గుర్తు అని గంటసేపు అడిగారు. ఆకుకు గుర్తేమిటండీ అంటే నమ్మరే! చివరికి "మా ఆపా చదువు సంధ్యలు లేని మనిషి, ఆకులు ఏరుకోవడం ఒక పిచ్చి" అని చెప్పి గండం గట్టెక్కాను. నా తెలివికి నువ్వు నవ్వుకుంటావు.

దయచేసి కొన్నాళ్ళు ఉత్తరాల్లో ఆకులు పెట్టకు.
హుస్సేన్


సికింద్రాబాదు
16 అక్టోబరు 1948

హుస్సేన్‌కు దువాలు.

మేమిద్దరం బతికే ఉన్నాం. ఆ అయిదు రోజులూ తలుపులు మూసుకుని కూర్చున్నాం. తరవాత బొల్లారం వైపు నుంచి సైన్యం వచ్చింది. మా వీధిలో ఎవరికీ ఏమీ కాలేదు. పక్కింటి ప్రేమమణి రోజూ వచ్చి మా గుమ్మంలో కూర్చునేది, ఎవరైనా వస్తే తను మాట్లాడతానని. చర్చి నుంచి తెచ్చిన రొట్టె మాకూ పెట్టింది. కానీ మీ బావ తమ్ముడు మౌలా అలీ బీదరు దగ్గర ఉండేవాడు కదా, ఆ ఇంటి నుంచి ఏ కబురూ లేదు. ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు అడిగితే చెప్పరు, తల దించుకుంటారు. బక్రీదుకు మేం ఏమీ చేసుకోలేదు.

నాకు చదువు రాదని చెప్పావా? తెనాలి బళ్ళో నీకు ఎక్కాలు నేర్పింది ఎవరురా? సరేలే. ఆ సమయంలో నేనున్నా ఏదో ఒకటి అనేదాన్నేమో. నవ్వు మాత్రం రాలేదు.

అసలు సంగతి విను. వచ్చే జూన్ నుంచి మా బళ్ళో ఉర్దూ తరగతులు తీసేసి తెలుగు తరగతులు పెడతారట. మమ్మల్నందరినీ పిలిచి అడుగుతారు, తెలుగులో చెప్పగలరని రుజువు చూపించినవాళ్ళే ఉంటారు. నా సర్టిఫికెట్లన్నీ ఉర్దూవే. చిన్నప్పటి తెనాలి చదువుకు కాగితమేదీ లేదు. పెద్ద టీచరు కాంతమణి గారితో చెప్పాను, నేనూ మా తమ్ముడూ కలిసి తెలుగులో వృక్షశాస్త్రం రాశాం, జూన్ లోపల అచ్చయి వస్తుంది, అట్ట మీద నా పేరుంటుంది అని. "అంతకంటే రుజువేం కావాలి నజ్మా" అంది ఆవిడ. ఇప్పుడు నా ఉద్యోగం ఆ పుస్తకం మీదే ఉంది. హనీఫాకూ నాకూ అన్నం పెట్టేది ఆ ఉద్యోగమే, నీకు తెలియంది కాదు.

ఆకు పెట్టాను. ఎవరైనా అడిగితే ఫెర్ను అని చెప్పు, చెప్పడానికి సిగ్గెందుకు.
ఆపా


తెనాలి
10 జనవరి 1949

ఆపాకు సలాములు.

ఆలస్యానికి మన్నించు. అమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. కాగితం కొరత వల్ల ప్రెస్సు పని నత్తనడకన సాగుతోంది. పుస్తకాన్ని మా బడికే కాక చుట్టుపక్కల బళ్ళకు కూడా పెట్టించే ప్రయత్నంలో ఉన్నాను. పాఠ్యపుస్తకాలు ఒప్పుకునే కమిటీలో పెద్దలు ఒక్కొక్కరిదీ ఒక్కో అభిప్రాయం. వాళ్ళను నొప్పించకుండా నడుచుకోవాలి కదా.

నువ్వు ఎండాకాలానికి వస్తానన్నందుకు అమ్మ ఎంత సంతోషించిందో! ఆ గదికి సున్నం వేయిస్తున్నాను. ఇక్కడికి వచ్చాక నీకు ఉద్యోగం అవసరమేముంది, నేను లేనా? అక్కడి వాళ్ళ ముందు రుజువులూ సాక్ష్యాలూ ఎందుకు చెప్పు.

హుస్సేన్


సికింద్రాబాదు
2 మార్చి 1949

హుస్సేన్‌కు దువాలు.

నేను వస్తానని ఎప్పుడన్నాను? అలసిపోయి ఒక మాట అంటే దానికి సున్నం కూడా వేయించేశావా! వేసవికి వచ్చి అమ్మను చూసి పోతాను, అంతే. నా ఇల్లు ఇక్కడే. హనీఫా "నేనైతే రాను, నువ్వే పో అమ్మీ" అంటోంది. పక్కా సీతాఫల్‌మండి పిల్లయిపోయింది.

నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, నేను అడిగింది తప్ప. అట్ట ఎలా ఉంది? పేర్లు ఏ వరసలో వేస్తున్నారు? కాగితం కొరత అంటే అర్థం చేసుకుంటాను. పుస్తకమంతా కాకపోయినా ముందు ఆ అట్ట ఒక్కటి పంపు. మమ్మల్ని పిలిచేది జూన్ ఇరవైన. వచ్చేది మదరాసు వైపు నుంచి కొత్తగా వేసిన ఇన్‌స్పెక్టరట. ఇక్కడ ఇప్పుడు ఎవరి నోట విన్నా ఒకటే మాట, ఫలానావాళ్ళు ఏ జాబితాలో ఉన్నారు అని. నిన్నటిదాకా పక్కపక్కన కూర్చుని పాఠం చెప్పినవాళ్ళమే.

నిన్న పిల్లల్ని నేరేడ్‌మెట్ బండల వైపు తీసుకెళ్ళాను. ఏడాది తరవాత మొదటిసారి. ఎండకు మయూరశిఖలన్నీ ముడుచుకుని ఉన్నాయి. డబ్బాలో నీళ్ళు తీసుకుపోయి పోయించాను. పిల్లల అరుపులు నువ్వు వినాల్సింది.

దాన్నే కవర్లో పెట్టాను.
ఆపా


తెనాలి
20 మే 1949

ఆపాకు సలాములు.

శుభవార్త. కమిటీ మన పుస్తకాన్ని ఆమోదించింది! బైండింగు కాగానే పార్సెల్ వేస్తాను, జూన్ ఇరవై లోపల తప్పక అందుతుంది. కమిటీ కోసం అక్కడక్కడ చిన్న చిన్న మార్పులు చేయాల్సి వచ్చింది. అన్నీ అందరి మంచికే, నీ మంచికి కూడా. అపార్థం చేసుకోవనే నమ్మకం నాకుంది. పుస్తకంలో సారం ముఖ్యం కానీ పైపై వివరాలదేముంది?

నువ్వు వేసవికి రాలేదని అమ్మ చిన్నబుచ్చుకుంది. గది అలాగే ఉంది.

హుస్సేన్


సికింద్రాబాదు
22 జూన్ 1949

హుస్సేన్‌కు,

నీ పార్సెల్ సరిగ్గా ఇరవయ్యో తారీఖు పొద్దున్నే అందింది. హనీఫా పోస్టాఫీసు నుంచి బడికి పరుగెత్తుకుని వచ్చి ఇచ్చింది. అప్పటికే నన్ను లోపలికి పిలిచారు. దారం కూడా ఇన్‌స్పెక్టరు గారి ముందే తెంపాను. అంత గర్వంగా ఉండింది నాకు.

ఆయన అట్ట చూసి, "ఇందులో మీ పేరేదమ్మా?" అన్నాడు. లోపల ఉంటుందండీ అని పేజీ తిప్పాను. ఆ తరవాతిది తిప్పాను. కాంతమణి గారు కళ్ళజోడు పెట్టుకుని నాతోబాటు వెతికింది. ముందుమాటలో ప్రెస్సు ఆయనకు, కమిటీ పెద్దలకు, చివరికి నీ పెళ్ళానికి కూడా కృతజ్ఞతలు చెప్పావు. నాకు చెప్పలేదు. నాచు నాలుగు పేజీలైంది. కాయ అనే రాశావు.

అయినా ఆశ చావలేదురా. నేను రాసిన పేజీ చూపిస్తానండీ అని మయూరశిఖ బొమ్మ ఉన్న చోట తెరిచి ఆయన చేతికిచ్చాను. మా బడి ఆ వాక్యంలో ఉంది, కిటికీలోంచి చూస్తే బండ కనిపిస్తూనే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆయన పైకి చదివాడు. "తెనాలిలో మా బడి వెనక బండ సందుల్లో మయూరశిఖ పెరుగుతుంది. పిల్లలూ, వానాకాలంలో మీరూ వెళ్ళి చూడండి."

చదివి పక్కున నవ్వాడు. "మాది రేపల్లెండీ. తెనాలిలో బండెక్కడుందమ్మా? అక్కడ రుబ్బురోలు కావాలన్నా రాయి బయటి ఊరి నుంచి రావాలి. ఈ రాసినాయన మొక్కను చూడకుండానే రాసినట్టున్నాడే! దీన్ని కమిటీ ఎలా ఒప్పుకుంది? రాసి అడగాల్సిందే."

నిజం నా నోటిదాకా వచ్చింది. అది నా వాక్యమండీ, ఆ బండ మీ వెనకున్న కిటికీలో ఉంది, మా తమ్ముడు ఊరి పేరు మార్చాడు అంటే చాలు. ఆయన మంచివాడే, వినేవాడు. కానీ ఆ మాటతో నీ పుస్తకం పోయేది, బళ్ళో నీ పరువు పోయేది, అమ్మ ఆ ఇంట్లోనే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. "అచ్చుతప్పండీ, నాకు తెలుసు, రాయకండి" అన్నాను. ఆయన సరేనని పుస్తకం మూసి ఇచ్చేశాడు. నోటి మాట చెల్లదట, తెలుగులో చెప్పగలనన్న రుజువు కాగితం మీద లేదని రాసుకున్నాడు.

నన్ను ఉర్దూవాళ్ళ జాబితాలో వేశారు. కాంతమణి గారు కాళ్ళావేళ్ళా పడితే కుట్లు అల్లికలు నేర్పడానికి ఉండనిచ్చారు. వృక్షశాస్త్రానికి కొత్త ఆయన వస్తాడట. నీ పుస్తకమే చెబుతాడట. వరండాలో ఉండి అంతా విన్న రోసమ్మ, "గట్లెట్ల ఊకున్నవమ్మా? గా బండ మనదే గద, చెప్తే పాయె!" అని నా మీద కేకలేసింది. పాకురుకూ నాచుకూ తేడా తెలియని రోసమ్మకు కూడా ఆ బండ ఎవరిదో తెలుసు.

నా పేరు తీసేశావు. ఇంటికి మనుషులొచ్చారు, భయపడ్డావు, పిల్లలు గలవాడివి. ఆ భయం నాకు అర్థమవుతుంది, నేను దాని మధ్యలోనే కాపురం ఉన్నాను. కానీ బండను కూడా ఎందుకు ఎత్తుకుపోయావురా? సికింద్రాబాదు అన్న ఒక్క మాటకు కూడా అంత భయమా?

రెండో ముద్రణ వేస్తే నా పేరు పెట్టకు, నాకు అక్కర్లేదు. ఆ ఊరి పేరు మాత్రం దిద్దు. ఈ వానాకాలం తెనాలి పిల్లలు నీ మాట నమ్మి బడి వెనక్కి వెళ్తారు. బురదలో వెతుకుతారు. దొరక్కపోతే మేష్టారు అబద్ధం రాశారనుకోరు, తమకే చూడటం రాలేదనుకుంటారు. వాళ్ళకు ఆ అన్యాయం చేయకు.

గదిలో ఎవరినైనా అద్దెకు పెట్టుకో. అమ్మకు ఇవేవీ చెప్పకు, ఆపా బాగుందని చెప్పు. అబద్ధం నీకు కొత్త కాదు కదా.

నువ్వు అడిగినట్టే ఈసారి ఆకు పెట్టలేదు. కవరు దులపకు.

నజ్మున్నీసా